కడుపును అడిగి

కోవిల్‌పట్టి
దశమి, బుధవారం

చిన్నతాయికి,

మీ అక్క పక్కన కూర్చుని కాచుకుంటున్నావు కాబట్టి మొదట నమస్కారం, మరదలివైనా సరే. ఆశీస్సులు తరువాత.

నిన్న ఫోను మధ్యలో కోసేశావు. నేను అరిచానంటావు. అరవలేదు, నా గొంతే అంత. మూడు వందల మందికి మైకు లేకుండా ప్రసంగాలు చెప్పి చెప్పి అట్లా తయారైంది. ఇక మనం కాగితం మీదే మాట్లాడుకుందాం. పేచ్చిముత్తు కండక్టరుగా పోయే బస్సు ఇక్కడ పొద్దున ఎనిమిదికీ మధ్యాహ్నం మూడుకీ బయలుదేరుతుంది. ఆసుపత్రి ఎదుటి స్టాపులో నీ చేతికే ఇస్తానన్నాడు. జవాబు తిరుగు బస్సులో ఇవ్వు. తెలుగులోనే రాయి. నా పెళ్ళయిన కొత్తలో మీ అక్కచెల్లెళ్ళిద్దరికీ పలక మీద దిద్దించిన అక్షరాలు తుప్పు పట్టకుండా ఉంటాయి. మన ఇళ్ళలో తెలుగు నోటికి తెలుసుగాని కంటికి తెలియదు. ఈ ఉత్తరం దారిలో ఎవరు విప్పినా వాళ్ళకు ముగ్గులాగే కనబడుతుంది.

ఇక విషయం. రేపు ఏకాదశి.

మీ అక్క పట్టమ్మాళ్ ముప్పై ఒక్క ఏళ్ళుగా ఏకాదశి నాడు నీటిచుక్క మింగలేదు. వేరుశనగ మిఠాయికి బెల్లం పాకం మరిగే పొయ్యి ముందు రోజంతా నిలబడి, ఆ వాసనలో ఉండి, మింగలేదు. ఈ ఊళ్ళో అగ్గిపెట్టెల పనికి పోయే ఆడవాళ్ళు నలభై మంది ఏకాదశి ఉపవాసం ఉంటున్నారంటే నా ప్రసంగం విని కాదు, ఆమెను చూసి. ఇప్పుడు ఆమెకు స్పృహ లేదు. ఆమె వ్రతం మన చేతిలో ఉంది. ముక్కులో గొట్టం పెట్టి రెండు గంటలకొకసారి ఏదో పిండినీళ్ళు పోస్తున్నారు గదా, రేపు ఒక్క రోజు ఆపమని డాక్టరుతో చెప్పు.

నీరసిస్తుందంటావా? ప్రతి ప్రాణి కడుపులోనూ అగ్నిగా కూర్చుని తిన్నదంతా అరిగించేది నేనేనని పరమాత్మ తన నోటితో చెప్పాడు. కూర్చున్నవాడికి తెలియదా ఎప్పుడు ఏమి కావాలో? గోడ గడియారం చూసి అగ్నిహోత్రం చేసేవాళ్ళను ఆ ఆసుపత్రిలోనే చూశాను. మనది అర్చకుల వంశం కాదు, ఏళాయిరంపన్నై నల్లరేగడిలో పత్తి ఏరిన వంశం. అయినా ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని శాస్త్రం చదివాను. నాకు ఈపాటి చెప్పే హక్కు ఉంది.

సోమవారమే ఎందుకు వచ్చేశావని నువ్వు అడుగుతావు. నలభై ఎనిమిది రోజుల ప్రసంగం మొక్కు. ఈరోజు పందొమ్మిదోది. ఇప్పుడు ఆమె కోసమే చెబుతున్నాను.

రేపు ఆపారో లేదో ఒక్క మాట రాయి. ఆపితే ఎల్లుండి ద్వాదశి సంగతి నేను చూసుకుంటాను.

వెంకటసామి


విరుదునగర్
గురువారం సాయంత్రం

బావకు,

నమస్కారం అందింది. ఆశీస్సులు నీ దగ్గరే ఉంచుకో, ఇక్కడ పెట్టడానికి చోటు లేదు. ఐసీయూ బయట ఒక బెంచీ, దాని మీద నలుగురం.

గొంతు నీదే బావా, చెవి నాది. అందుకే కోశాను.

అక్క అట్లాగే ఉంది. ఊపిరితిత్తుల్లో పట్టిన చీము రక్తంలోకి దిగిందని ఆదివారం చెప్పారు గదా, దానికి మందు ఎక్కుతోంది. బీపీ నిలబడడానికి ఇంకొక మందు. నోట్లో వెంటిలేటరు గొట్టం, ముక్కులో అన్నం గొట్టం. నువ్వు సోమవారం తలుపు దగ్గర నిలబడి చూసి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయావు. మొక్కు మాట నేను కాదనను. కానీ ఆ రోజు నువ్వు వెనక్కి తిరిగి చూడకుండా పోయింది నేను చూశాను.

పిండినీళ్ళు అన్నావే, అది ఎట్లా పోస్తారో చెబుతాను. నిరోషా అని ఒక నర్సు. సన్నగా ఉంటుంది, పెద్దగా మాట్లాడదు, నన్ను పెద్దమ్మలాగా పెరియమ్మా అంటుంది. పోసే ముందు ఖాళీ సిరంజి గొట్టానికి తగిలించి వెనక్కి లాగుతుంది. లోపల పోయినసారి పోసింది ఎంత మిగిలిందో చూస్తుంది. తక్కువ ఉంటేనే మళ్ళీ పోస్తుంది. "ఎందుకమ్మా వెనక్కి లాగుతావు, పోసేదే ఇంతైతే?" అన్నాను. "కడుపు ఒప్పుకుందా లేదా చూడాల గదా పెరియమ్మా. మనకు ఆకలైతే చెబుతాం. ఈమె చెప్పలేదు" అంది.

డాక్టరు శివరామన్ కూడా నిలబడి చెప్పాడు. ఒళ్ళంతా యుద్ధంలో ఉంటే కడుపు నిద్రపోతుందట. మొత్తం వదిలేస్తే పేగు లోపలి పొర పలచబడి, అక్కడి క్రిములు రక్తంలోకి దారి చేసుకుంటాయట. ఒక్కసారిగా నింపితే తిప్పి కొడుతుందట. అందుకే ముప్పై మిల్లీ, అంటే రెండు గుక్కల కాఫీ, అంతే. తల వైపు మంచం ఎత్తి పెడతారు, వెనక్కి పొంగినా ఊపిరితిత్తుల్లోకి పోకుండా.

సరే. నువ్వు చెప్పమన్నావు, చెప్పాను. ఈరోజు ఆపారు. ప్రసంగం చెప్పుకో.

చిన్నతాయి


కోవిల్‌పట్టి
ద్వాదశి, శుక్రవారం మధ్యాహ్నం

చిన్నతాయికి,

నీ జాబు నిన్ననే అందింది. మంచి పని చేశావు.

ఈరోజు ఆమెకు ఎట్లా ఉంది? పొద్దున్నుంచి ఏమైనా మార్పు ఉందా? డాక్టరు ఏమన్నాడు? సాయంత్రం బస్సుకు తప్పక రాయి. రెండు ముక్కలైనా సరే.

నిన్న ప్రసంగంలో కథ మధ్యలో ఆగిపోయాను. ముందు వరసలో ఒకామె మిగతాది అందించింది. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను.

రాయి.

వెం.


విరుదునగర్
శనివారం పొద్దున

బావకు,

నిన్న రాయలేకపోయాను. ఇప్పుడు రాసేది రెండుసార్లు చదువు.

నిన్న పొద్దున తొమ్మిదికి అక్క వాంతి చేసుకుంది. నోట్లో గొట్టం ఉండగానే పొంగింది. పచ్చగా. కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. నేను ఏడింటప్పుడు ఇంటికి పోయి స్నానం చేసి వచ్చేసరికి మంచం చుట్టూ ఐదుగురు. నిరోషా సిరంజి పెట్టి లాగితే లోపలి నుంచి కూడా పచ్చటి నీళ్ళే. మధ్యాహ్నం లాగినా పచ్చే. కడుపు ఉబ్బి, వేలితో కొడితే తప్పెటలా మోగుతోంది. పోయడం పూర్తిగా ఆపేశారు.

ఆపరేషన్ల డాక్టరు వచ్చాడు. ఆ పచ్చ పిత్తం అంటున్నాడు. కిందికి దిగాల్సిన పిత్తం పైకి వస్తున్నదంటే పేగు ఎక్కడో మెలిపడి మూసుకుపోయి ఉండాలట. ఎక్స్‌రేలో పేగు నిండా గాలి. స్కాన్ తీస్తే తెలుస్తుంది, కానీ కింది అంతస్తుకు తీసుకుపోయే స్థితిలో ఆమె లేదు, బీపీ మందు ఎక్కువ చేయాల్సి వచ్చింది. రేపు పొద్దున తొమ్మిది దాకా చూసి కడుపు కోసి చూస్తామన్నాడు. "తట్టుకుంటాదా అయ్యా?" అన్నాను. "కోయకపోతే పేగు చచ్చిపోయి ఉంటే మనిషి మిగలదు. కోస్తే ఈ బీపీలో టేబిల్ మీదే పోవచ్చు" అన్నాడు. నెమ్మదిగానే చెప్పాడు. శివరామన్ పక్కనే ఉన్నాడు. ఆయనకు ఏదో అర్థం కానట్టుంది. "గురువారం అంతా బాగా దిగింది, ఒక్క రాత్రిలో ఇట్లా ఎందుకు?" అని తనలో తాను అంటున్నాడు.

నిరోషాను ఐసీయూ నుంచి తీసేశారు. ఎక్కువ పోసిందనో, వేగంగా పోసిందనో విచారణ. పోయేముందు నా దగ్గరికి వచ్చి, "నేను ఆరింటికి ముప్పై మిల్లీనే పోశాను పెరియమ్మా, మీరైనా నమ్మండి" అంది. ఇంకొకటి కూడా చెప్పింది. శుక్రవారం పొద్దున ఏడింటికి, చూడ్డానికి వదిలే పది నిమిషాల్లో, నువ్వు వచ్చావని. చేతులు జోడించి నిలబడ్డావని. తను పక్క మంచానికి తిరిగిందని.

నాకు చెప్పకుండా మొదటి బస్సుకు వచ్చి, నా కోసం ఆగకుండా ఎందుకు పోయావు? నీకు ఆరుసార్లు ఫోను చేశాను, ఆఫ్ చేసి పెట్టావు. నీ ఉత్తరంలో వచ్చిన మాటే లేదు. ఒక్కసారే అడుగుతున్నాను బావా, మళ్ళీ అడగను. ఏమి చేశావు?

ఆపరేషనుకు భర్త సంతకం కావాలట. రేపు ఏడింటికల్లా ఇక్కడ ఉండు.

చిన్నతాయి


కోవిల్‌పట్టి
శనివారం, రెండు గంటల వేళ

చిన్నతాయికి,

మనిషి శరీరం తొమ్మిది వాకిళ్ళ ఊరని పెద్దలు అన్నారు. ఆ ఊళ్ళో ఎవరు ఎప్పుడు వస్తారో ఎప్పుడు పోతారో

పై వాక్యం కొట్టేయడం లేదు. నేను ఎట్లా తప్పించుకోబోయానో నువ్వు చూడాలని వదిలేశాను.

ఆ పచ్చ పిత్తం కాదు. నేను పోసింది.

ఏకాదశి ఉపవాసం ఉన్నవాళ్ళు ద్వాదశి నాడు వేళ దాటక ముందే ఏదో ఒకటి తిని పారణ చేయాలి. చేయకపోతే ఉపవాసఫలం పోగా దోషం మిగులుతుంది. ఇది నేను ఎన్ని వందలసార్లు చెప్పి ఉంటానో. మన ఇంట్లో పారణకు అగత్తి ఆకు, పుస్తకంలో అవిశాకు అంటారే అది, ఉసిరికాయ తప్పనిసరి. గురువారం సాయంత్రం నీ జాబులో "ఈరోజు ఆపారు" అని చదవగానే నాకు ఇంకేమీ కనబడలేదు. ఆమె వ్రతం నిలిచింది, దాన్ని ముగించాల్సినవాణ్ణి నేను. శుక్రవారం పారణ ఎనిమిదింబావు లోపల.

తెల్లవారకముందే పెరట్లో అగత్తి ఆకు కోశాను. రెండు ఉసిరికాయలు వేసి అమ్మి రాతి మీద నూరాను. గొట్టంలో పోవాలి గదా అని కొత్త పంచె అంచులో మూడుసార్లు వడగట్టాను. పిప్పి లేదు, నీళ్ళలాగా ఉంది. చిన్న సీసాలో పోసుకుని ఐదింటి బస్సు ఎక్కాను. ఏడింటికి లోపలికి వదిలారు. నర్సు అటు తిరిగింది. మంచం పక్క బల్ల మీద సిరంజి ఉంది. సోమవారం వాళ్ళు చేస్తుంటే తలుపు దగ్గరి నుంచి చూసి ఉన్నాను. గొట్టం మూత తీశాను. సిరంజి నింపి నెట్టాను. రెండుసార్లు. నూరు మిల్లీ ఉంటుంది. దిగడం నెమ్మదిగా ఉంటే బొటనవేలితో గట్టిగా నెట్టాను, ఎనిమిదింబావు అవుతుందని. వెనక్కి లాగి చూడలేదు. ఎవరినీ అడగలేదు. గొట్టం మూసి, చేతులు జోడించాను. నర్సు చూసింది ఆ చేతులనే.

పారణ వేళ దాటిపోతుందని భయపడి, అతిథి రాకముందే ఉత్త నీళ్ళు మాత్రం పుచ్చుకుని వ్రతం నిలుపుకున్న రాజు కథ ఉంది. నీళ్ళు తాగితే తిన్నట్టూ అవుతుంది, తిననట్టూ అవుతుంది. గురువారం నేను మధ్యలో ఆగిపోయిన కథ అదే. ఇన్నేళ్ళు చెప్పిన నాకు శుక్రవారం పొద్దున నీళ్ళు తోచలేదు. రెండు చుక్కలు పెదవికి తడిపి వచ్చేసి ఉంటే సరిపోయేది.

ఫోను ఆపింది నీకు భయపడి. ఇప్పుడు కూడా చేతిలోకి తీసుకున్నాను. నోరు తెరిస్తే అది ప్రసంగం అయిపోతుంది. అందుకే మూడింటి బస్సుకు ఈ కాగితం పంపుతున్నాను. ఐదు లోపల నీకు అందుతుంది. డాక్టరుకు తమిళంలో చదివి వినిపించు. ఒక్క ముక్క వదలకు, మెత్తపరచకు. ఆ నర్సు పిల్ల తప్పు లేదని అందరి ముందు చెప్పు. పోలీసులకు ఇచ్చినా ఇవ్వనీ.

కడుపు కోయనివ్వకు. కోయాల్సింది అక్కడ కాదు.

వెంకటసామి


విరుదునగర్
శనివారం, ఆరున్నర బస్సుకు

బావకు,

చదివాను. శివరామన్ గదిలో నిలబడి, తమిళం చేసుకుంటూ, వాక్యం వాక్యం. ఆయన మధ్యలో రెండు ప్రశ్నలు అడిగాడు. "వడగట్టారా?" అని, "ఎన్ని మిల్లీ?" అని. తరువాత లేచి లోపలికి పోయాడు.

గొట్టంలో నీళ్ళు పోసి, లాగి, మళ్ళీ పోసి కడుపు కడిగారు. నాలుగోసారికి తేటగా వచ్చింది. అరగంట తరువాత మళ్ళీ లాగితే పచ్చ లేదు. పేగు నిజంగా మూసుకుని ఉంటే పచ్చ ఆగదట. ఆపరేషన్ల డాక్టరు వచ్చి చూసి, "రేపు కోయం. చూస్తాం" అన్నాడు. ఉబ్బు పేగు మూతపడినందుకు కాదు, కదలడం మానేసినందుకు అనుకుంటున్నారు. దానికి మందు ఉందట, ఓపిక కావాలట. ఊపిరితిత్తుల్లోకి పోయిన రసం మాత్రం పోయిందే. దాని ఫలితం ఇంకా ఎట్లా ఉంటుందో చెప్పలేనన్నాడు. అది నీ లెక్క.

నిరోషాను పిలిపించి డాక్టరే మాట్లాడాడు. ఆమె నా వైపు చూసి, "ఏ ఆకు పెరియమ్మా?" అంది. చెప్పాను. "మా అవ్వ కూడా అదే పెడుతుంది" అని ఏడ్చింది.

ఇక నాది. ఇది డాక్టరుకు చదవలేదు, నీకే.

గురువారం ఆపలేదు. నేను ఆపమని అడగనేలేదు. రోజంతా పన్నెండుసార్లు పోశారు, పన్నెండూ దిగాయి. నువ్వు అక్కడి నుంచి అరుస్తావు, ఆ గొడవ నాకెందుకని "ఆపారు" అని రాసిపడేశాను. నీకు ఎట్లాగూ తెలియదనుకున్నాను. ద్వాదశి మాట నువ్వు రాశావు, నేను గమనించలేదు. నేను నిజం రాసి ఉంటే నువ్వు నన్ను తిట్టి ఊరుకునేవాడివి. ముగించడానికి వ్రతమే లేదు బావా. లేని ఉపవాసానికి నువ్వు పారణ చేశావు.

ఇప్పుడు ఇద్దరం సమానం అని నేను అనను. సిరంజి నెట్టింది నువ్వు. కానీ నేను ఈ బెంచీ మీద ఒంటరిగా మంచిదాన్నై కూర్చోలేను.

రేపు మొదటి బస్సుకు రా. ఆకు అలము ఏదీ తేవద్దు.

చిన్నతాయి


విరుదునగర్
ఐసీయూ, పదహారో రోజు, సోమవారం

చిన్నతాయికి,

నువ్వు కోవిల్‌పట్టి చేరి మిఠాయి పని మళ్ళీ మొదలుపెట్టావని పేచ్చిముత్తు చెప్పాడు. మీ అక్క పొయ్యి ఆరిపోకుండా చూస్తున్నావు. నా ప్రసంగం ఇరవై రెండో రోజున ఆగింది, ఆగనీ.

ఇక్కడి సంగతి. నిన్న ఆదివారం గొంతు కింద చిన్న రంధ్రం చేసి వెంటిలేటరు గొట్టం అక్కడికి మార్చారు. నోరు ఖాళీ అయింది. ఊపిరితిత్తుల్లో రెండోసారి చీము పట్టకపోయి ఉంటే ఈ రంధ్రం అవసరం ఉండేది కాదని శివరామన్ నా ముఖం చూసి చెప్పాడు. తల దించుకోకుండా విన్నాను. దించుకుంటే ఆయన ఆపేస్తాడని భయం. నాకు పూర్తిగా వినాలి.

కడుపు నాలుగు రోజులు మౌనంగా ఉంది. ఐదో రోజు ఆయన తన చెవిగొట్టం పెట్టి విని, "కదులుతోంది" అన్నాడు. గంటకు పది మిల్లీతో మొదలుపెట్టారు. పదిహేను. ఇరవై. ఒక రోజు విరేచనాలు పట్టుకుంటే మళ్ళీ పది. నేను ఆగలేక, "ఏమయ్యా, ముందుకు రెండడుగులు వెనక్కి ఒకటి" అన్నాను. "మీకు తొందరగా ఉంది, పేగుకు లేదు" అన్నాడు. నాకు కొడుకు ఉంటే ఆ వయసు ఉంటుంది. నిన్నటి నుంచి మళ్ళీ రెండు గంటలకొకసారి సిరంజితో.

నిరోషా నన్ను మంచానికి రెండడుగుల దూరంలో నిలబడమంది. చేతులు వెనక కట్టుకోమంది. ప్రతిసారీ చూస్తాను. పోయబోయే ముందు లాగుతుంది, ఆగుతుంది, చూస్తుంది. కడుపును అడిగి పెడుతుంది. చిన్నతాయీ, నేను ఇన్నేళ్ళు ఆ అగ్ని గురించి గొంతు చించుకున్నాను. అగ్నిలో పరమాత్మ ఉన్నాడన్నాను. ఉన్నవాణ్ణి ఒక్కసారైనా అడిగానా? అతిగా తినేవాడికీ యోగం లేదు, బొత్తిగా తిననివాడికీ లేదు అని ఆయనే అన్నాడు. ఆ మాట వచ్చినప్పుడల్లా పేజీ తొందరగా తిప్పేసేవాణ్ణి. విన్నవాళ్ళకు ఉత్సాహం రాదని.

నాకు కూర్చోబుద్ధి కావడం లేదు. వరండాలో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తాను. వాచ్‌మన్ "సామీ, టైల్సు అరిగిపోతాయి" అంటున్నాడు.

నిన్న కళ్ళు తెరిచింది. నన్ను చూసింది. గుర్తుపట్టిందో లేదో తెలియదు.

శుక్రవారం మళ్ళీ ఏకాదశి.

వెంకటసామి


కోవిల్‌పట్టి
బుధవారం

బావకు,

కళ్ళు తెరిచిందని చదివి ఇక్కడ ఆడవాళ్ళు నలుగురూ గరిటె వదిలేశారు. పాకం ముదిరి ఒక పళ్ళెం మిఠాయి రాయి అయింది. దాన్ని పేచ్చిముత్తు చేత పంపుతున్నాను, నీ పళ్ళకు పరీక్ష.

రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. పోయినసారి నీ మంచికని ఒక మాట దాచాను, ఏమైందో చూశాం. కాబట్టి రాస్తున్నాను.

కాళియమ్మ తెలుసు గదా, అక్క దగ్గర పదిహేనేళ్ళుగా పాకం తిప్పేది. శుక్రవారం ఏకాదశి, అక్కకు ఈసారి పెడతారా ఆపుతారా అని అడిగింది. పెడతారన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని, "ఎప్పుడూ పెట్టేదే గదా" అంది. ఏమే అది అని గట్టిగా అడిగితే చెప్పింది.

"అక్కకి చక్కెర జబ్బు వచ్చి తొమ్మిదేళ్ళు. పొద్దున మాత్ర మింగి ఏమీ తినకుంటే తల తిరుగుతాది. ఒక ఏకాదశి నాడు మరిగే పాకం మీదికే పడబోయింది, నేను జాకెట్టు పట్టి లాగినాను. ఆ పొద్దు నుంచి ఏకాదశి మధ్యాహ్నం నా డబ్బాలో సగం తింటాది. షెడ్డు వెనక, మూటల చాటున. 'మీ అయ్య ప్రసంగంలో నా పేరు చెబుతాడే, ఆయన తల వంగిపోకూడదు' అంటాది. మేము నలుగురం ఒట్టు పెట్టుకున్నాం సామికి తెలియనీకూడదని."

ఆ మాత్రలు నువ్వే తెచ్చి ఇస్తావు బావా. వేసుకున్నావా అని అడుగుతావు. తిన్నావా అని అడిగావా?

నిన్ను కొట్టడానికి రాయలేదు. నాకు కూడా ఆమె చెప్పలేదు. సొంత చెల్లెలికి. అది నాకు తగిలింది.

చిన్నతాయి


విరుదునగర్
ఏకాదశి, శుక్రవారం. ఇరవయ్యో రోజు

చిన్నతాయికి,

మొదట కోపమే వచ్చింది. దాచను. తొమ్మిదేళ్ళు నేను మూడు వందల మంది ముందు నా భార్యను సాక్షిగా నిలబెట్టాను, ఆ సాక్షి మూటల చాటున చద్దన్నం తింటోంది. నిన్న సాయంత్రం నీ ఉత్తరం పట్టుకుని బస్ స్టాండ్ దాకా నడిచి తిరిగి వచ్చాను. వచ్చేటప్పుడు లెక్క తిరగబడింది. తినింది కాబట్టి తొమ్మిదేళ్ళు బతికి ఉంది. నా మాట విని ఉంటే పాకంలో పడి ఉండేది. కాళియమ్మకు నా తరఫున ఏమి చెప్పాలో నాకు తెలియడం లేదు. నువ్వే ఏదైనా చెప్పు.

దీనితో ఇంకొక కాగితం మడిచి పెట్టాను. అది నేను ప్రసంగం చెప్పే మండపంలో చదవాలి. ఈరోజు ఏకాదశి, వినేవాళ్ళంతా సాయంత్రం భజనకు వస్తారు. నేను పోసిన ఆకురసం సంగతి అంతా అందులో ఉంది. చక్కెర మాత్రలు వేసుకునేవాళ్ళు, పాలిచ్చే తల్లులు, నిలబడి పనిచేసేవాళ్ళు ఉపవాసం ఉండవద్దని, ఉండమని నేను చెప్పింది తప్పని రాశాను. పట్టమ్మాళ్ తినేది మాత్రం రాయలేదు. అది ఆమె చెబితే చెబుతుంది. ఎవరైనా లేచిపోతే పోనివ్వు. చదవడం ఆపకు. నీకు గొంతు లేదని అనకు, నిన్ను ముప్పై ఏళ్ళుగా వింటున్నాను.

ఇక ఈ పొద్దుటి మాట.

పదింటికి నిరోషా నన్ను దగ్గరికి రమ్మంది. "ఈరోజు మీరు పట్టుకోండి తాతా" అంది. నా చేతులు వెనక కట్టే ఉన్నాయి, విప్పడానికి రాలేదు. పట్టమ్మాళ్ నన్నే చూస్తోంది. గొంతు దగ్గర గొట్టం ఉంది గదా, మాట రాదు. అవునంటే ఒకసారి కన్ను మూయాలి, కాదంటే రెండుసార్లు. నిన్ననే నేర్పారు.

నేను వంగి, "పట్టూ, ఈరోజు ఏకాదశి. పెట్టమందునా, వద్దందునా, నీ ఇష్టమే, నా కోసం చూడవద్దు, శాస్త్రం కూడా రోగికి" అంటూ ఉండగా నిరోషా నా భుజం తట్టింది. "ఒక్కటి అడగండి తాతా. ఇన్ని అడిగితే ఏ కన్ను మూస్తాది ఆమె?" పక్క మంచం నర్సు నవ్వింది.

ఒక్కటి ఏమి అడగాలో తెలియలేదు. "ఆకలిగా ఉందా?" అన్నాను.

చిన్నతాయీ, ముప్పై ఒక్క ఏళ్ళలో ఈ మాట నేను ఆమెను అడిగినట్టు జ్ఞాపకం లేదు. ఆమెకూ కొత్తగానే ఉన్నట్టుంది. నా ముఖంలో ఏదో వెతికింది. తరువాత కన్ను మూసింది. ఒకసారి. తెరిచి, నేను చూడలేదేమోనని మళ్ళీ ఒకసారి. రెండుసార్లు అయ్యింది గదా అని నేను భయపడ్డాను. నిరోషా "అవునంటోంది తాతా, గట్టిగా" అంది.

వెనక్కి లాగి చూసింది. ఎనిమిది మిల్లీ, తేట. సిరంజి లోపలి కర్రను తీసి పక్కన పెట్టేసి, ఉత్త గొట్టం నా చేతికి ఇచ్చింది. ఆమె పోసింది, నేను ఎత్తి పట్టుకున్నాను. "ఇంకా కొంచెం దించండి, వేగంగా పోతోంది" అంది. దించాను. నూట ఇరవై మిల్లీ. ఇరవై నిమిషాలు పట్టింది. నా చెయ్యి తిమ్మిరెక్కింది, మార్చలేదు.

పన్నెండింటికి మళ్ళీ లాగి చూశారు. ఐదు మిల్లీ. అంతా దిగింది. శివరామన్ చూసి తల ఊపాడు, ఇంకా ఏదీ చెప్పలేనన్నాడు. జ్వరం మళ్ళీ వచ్చింది, సన్నగా. రేపు ఎట్లా ఉంటుందో తెలియదు. ఈ పూట దిగింది, అంతవరకు తెలుసు.

రెండో విడత నూట ఇరవై కూడా నేనే పట్టుకున్నాను. అయిపోయాక, "ఇంకా ఆకలా?" అని అడిగాను. టక్కున కన్ను మూసింది. నిరోషా వైపు చూశాను. గడియారం చూపించింది. కాబట్టి ఏకాదశి నాడు, నా పెళ్ళానికి, ఇంకా రెండు గంటలు ఆగమని నేనే చెప్పాల్సి వచ్చింది. ఆమె నన్ను చూసిన చూపు నువ్వు ఇక్కడ ఉండి చూడాల్సింది.

ఒంటిగంట బస్సు దాటక ముందే ఇది పేచ్చిముత్తుకు ఇవ్వాలి. పోతున్నాను.

వెంకటసామి